కెమెరా బొమ్మ మీద తెలుగు అక్షరం

బ్యాంకులోనో, రైల్వే స్టేషన్‌లోనో కాపలా కెమెరా తెర మీరు చూసే ఉంటారు. తెరలో మనుషులు వస్తుంటారు, పోతుంటారు. పైన ఒక మూల తేదీ, సమయం మాత్రం తెల్లటి అంకెల్లో కదలకుండా నిలబడి ఉంటాయి. ఆ అంకెలు కెమెరా ముందు ఎవరూ రాసి పెట్టినవి కావు. బొమ్మ టీవీకి చేరేలోపల, దారిలో ఎక్కడో ఎక్కాయి. ఎలా ఎక్కాయన్నది ఒక ప్రశ్న. అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ ఎక్కినచోట మన తెలుగు అక్షరం కూడా ఎక్కుతుందా అన్నది రెండో ప్రశ్న. మా తరగతిలో మొదటి ప్రశ్నకు ఒక పీరియడ్ సరిపోయింది. రెండోది చాలా వారాలు తీసుకుంది.

ఫోన్‌లో ఫొటో మీద పేరు రాయడం పెద్ద విషయం కాదు. అక్కడ బొమ్మంతా అంకెల పట్టికగా ముందే తయారై ఉంటుంది. కావలసిన చోట పాత అంకె తీసి కొత్త అంకె పెడితే సరి. పాతకాలపు అనలాగ్ వీడియోలో అలాంటి పట్టిక లేదు. అసలు ఏ క్షణంలో చూసినా పూర్తి బొమ్మ అనేదే ఉండదు. ఒక తీగ, అందులో పైకీ కిందికీ ఊగే ఒక ఓల్టేజీ, అంతే.

పాత టీవీ వెనకాల, డీవీడీ ప్లేయర్ వెనకాల ఎరుపు, తెలుపు, పసుపు రంగుల గుండ్రటి సాకెట్లు ఉంటాయి. ఎరుపు, తెలుపు శబ్దానికి. పసుపు బొమ్మకు. బదిలీ వచ్చినప్పుడల్లా అట్టపెట్టెలో సర్దుకుని లారీ ఎక్కించే పాత టీవీ మీ ఇంట్లో ఇంకా ఉంటే, దాని వెనక ఒకసారి చూడండి. ఆ పసుపు సాకెట్‌లో ఉండే ఓల్టేజీ మొత్తం కలిపి ఒక ఓల్టు. సున్నా దగ్గరకు పడితే అది ఒక సంకేతం. సుమారు 0.3 ఓల్టు దగ్గర ఉంటే నలుపు. 1 ఓల్టుకు చేరితే తెలుపు. మధ్యలో ఉన్నవన్నీ బూడిద రంగులు. (రంగు సమాచారం దీని మీదే సన్నటి అలలా ఎక్కి వస్తుంది. దాని జోలికి ఈసారి పోవడం లేదు.)

ఈ ఓల్టేజీ బొమ్మను ఎలా మోస్తుందో తెలియాలంటే డిక్టేషన్ పీరియడ్ గుర్తు చేసుకోండి. మాస్టారు చెబుతుంటే ఎడమ నుంచి కుడికి రాసుకుంటూ పోతారు. గీత చివరికి రాగానే చెయ్యెత్తి మళ్ళీ ఎడమ అంచుకు వస్తారు. టీవీ తెర మీద వెలుగు కూడా అంతే. కాకపోతే గీత ఎక్కడ మొదలో టీవీకి తెలియదు. అందుకే ప్రతి గీతకూ ముందు కెమెరా ఓల్టేజీని ఒక్కసారి సున్నాకు దించుతుంది. ‘కొత్త గీత’ అని చెప్పడం అన్నమాట. దీన్నే సింక్ అంటారు. ఆ దించి ఉంచే కాలం 4.7 మైక్రోసెకన్లు. మైక్రోసెకను అంటే సెకనులో పదిలక్షో వంతు.

మన దేశంలో వాడే పద్ధతి పేరు పాల్. పాలకూ దీనికీ ఏ సంబంధమూ లేదు! ఇందులో ఒక పూర్తి బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. గుణించి చూడండి: సెకనుకు 15,625 గీతలు. అంటే ఒక్కో గీతకు 64 మైక్రోసెకన్లు. అందులో సింక్‌కూ, చెయ్యెత్తి ఎడమకు రావడానికీ పోయేది పోగా, బొమ్మ కనిపించేది 52 మైక్రోసెకన్లు. గీతలన్నీ వరసగా రావు. ముందు బేసి గీతలు, తర్వాత వాటి మధ్యలో సరి గీతలు వస్తాయి. కాబట్టి తెర సెకనుకు 50 సార్లు పైనుంచి కిందికి నిండుతుంది. మన ఇళ్ళకు వచ్చే కరెంటు కూడా 50 హెర్ట్జ్‌లే. ఈ 50 అనే అంకె కరెంటును బట్టి వచ్చిందే. 60 హెర్ట్జ్‌ల కరెంటు ఉన్న అమెరికాలో 525 గీతల వేరే పద్ధతి పెట్టుకున్నారు.

1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగంగా మొదలైన దూరదర్శన్, 1977లో హైదరాబాదుకు వచ్చి, 1982లో రంగులు తొడుక్కుంది. ఆ ప్రసారాలన్నీ ఇలా గీతలు గీతలుగా వచ్చినవే. ఇప్పుడు గాలిలో వచ్చే టీవీ డిజిటల్ అయిపోయింది. అయినా పసుపు తీగకు పని పోలేదు. పాత కాపలా కెమెరాల్లో, కారు వెనక్కు తీసేటప్పుడు దారి చూపించే కెమెరాల్లో, పోటీల్లో ఎగిరే చిన్న డ్రోన్లలో ఇంకా ఉంది. డ్రోన్ వాళ్ళు దాన్ని వదలకపోవడానికి కారణం ఉంది. కెమెరా చూసింది చూసినట్టు, ఏ నిలవా లేకుండా, వెంటనే తెరకు చేరుతుంది. సిగ్నల్ బలహీనపడితే బొమ్మలో చుక్కలు చుక్కలుగా మంచు కురుస్తుంది గానీ ఆగిపోదు. చెట్టు వైపు దూసుకుపోతున్న డ్రోన్‌కు ఆగిపోయిన అందమైన బొమ్మ కంటే మంచు కురిసే బొమ్మే మేలు.

ఇక అక్షరం సంగతి. అక్షరాల్లో అన్నిటికంటే సులువైన సున్నను, అదే ‘ం’ను, తెర మీద దింపుదాం. కాగితం మీదైతే పెన్సిల్ గుండ్రంగా తిప్పుతాం. ఇక్కడ తిప్పడానికి వీల్లేదు. వెలుగు ఎడమ నుంచి కుడికే పోతుంది, మన కోసం వంగదు. కాబట్టి సున్నను అడ్డంగా, ఉల్లిపాయ చక్రాల్లా కోసుకోవాలి. మొదటి గీతలో ‘కొత్త గీత’ సంకేతం వినగానే లెక్క మొదలుపెడతాం. 20 మైక్రోసెకన్లు ఆగి, ఓల్టేజీని కాసేపు తెలుపు వరకు పైకి నెట్టి వదిలేస్తాం. అది సున్న పై అంచు. తర్వాతి గీతలో కొంచెం ముందుగా ఒకసారి, కొంచెం ఆలస్యంగా ఇంకోసారి నెడతాం. అవి రెండు పక్కలు. నడిమి గీతల్లో ఆ రెండు నెట్టుళ్ళ మధ్య దూరం ఎక్కువ. కిందికొచ్చే కొద్దీ దగ్గరవుతాయి. చివరి గీతలో మళ్ళీ ఒక్కటే. తీగలో చూస్తే అక్కడొకటి ఇక్కడొకటి చిన్న ఎగుళ్ళు తప్ప ఏమీ లేదు. తెర మీద చూస్తే గుండ్రటి సున్న. నెట్టని సమయమంతా కెమెరా బొమ్మ తన దారిన తాను పోతూనే ఉంటుంది. సున్న కడుపులోంచి వెనకాల నడిచే మనిషి కనిపిస్తాడు.

అంటే ఇక్కడ రాయడమంటే సమయం లెక్కపెట్టడమే. లెక్క ఎంత కచ్చితంగా ఉండాలో చూడండి. తెర వెడల్పు 40 సెంటీమీటర్లు అనుకుంటే, అర మైక్రోసెకను తేడాకు చుక్క దాదాపు 4 మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. అన్ని గీతల్లోనూ ఒకేలా జరిగితే ఫరవాలేదు, అక్షరం మొత్తం కొంచెం కుడికి పోతుంది. ఒక గీతలో ఒకలా, ఇంకో గీతలో ఇంకోలా జరిగిందా, చలిజ్వరం వచ్చినట్టు అక్షరం వణుకుతుంది.

ఈ లెక్క పెట్టేది మైక్రోకంట్రోలర్. వేలెడంత కంప్యూటర్ అనుకోండి. మన బడుల్లోని అటల్ టింకరింగ్ ల్యాబుల్లో నీలం రంగు ఆర్డుయినో ఊనో బోర్డు ఉంటుంది కదా, దాని మీద ఉన్నది అదే. దానికి చెవి ఒకటి కావాలి. ఎల్.ఎం.1881 అనే 8 కాళ్ళ చిప్ ఆ పని చేస్తుంది. వీడియోలోంచి సింక్‌ను మాత్రం వడగట్టి ఆర్డుయినోకు వినిపిస్తుంది. అది విన్న ఆర్డుయినో సరైన సమయానికి ఒక రెసిస్టర్ గుండా ఓల్టేజీని పైకి నెడుతుంది. ఇలా తక్కువ ఖర్చుతో తెర మీద అక్షరాలు వేయవచ్చు. కానీ ఇల్లు ఇరుకు. ఊనో గుండె సెకనుకు ఒక కోటీ 60 లక్షల సార్లు కొట్టుకుంటుంది. వినడానికి పెద్ద అంకె, కానీ 52 మైక్రోసెకన్ల గీతలో అది 832 దెబ్బలే. ఒక్కో చుక్క వేయడానికి ఆరేడు దెబ్బలు పడతాయి కాబట్టి గీతకు 128 చుక్కలకు మించి కష్టం. 128 అడ్డం, 96 నిలువు పెట్టుకుంటే మొత్తం 12,288 చుక్కలు. బైటుకు 8 చొప్పున 1,536 బైట్లు. ఊనో దగ్గర ఉన్న పని జ్ఞాపకశక్తి 2,048 బైట్లే. క్వార్టర్‌లో సామానంతా సర్దాక మనం కూర్చోవడానికి వరండా మిగిలినట్టు, మిగతా పనులన్నిటికీ 512 బైట్లు మిగులుతాయి.

అందుకే ఈ పని కోసమే పుట్టిన చిప్ ఉంది. పేరు మాక్స్7456. డ్రోన్ బోర్డుల్లో బ్యాటరీ ఓల్టేజీ, ఎత్తు తెర మీద చూపించేది చాలాకాలంగా ఇదీ, దీన్ని పోలినవీ. విడిగా చిన్న మాడ్యూల్‌గా కూడా దొరుకుతుంది. కెమెరా తీగ ఒక పక్క లోపలికి, టీవీ తీగ ఇంకో పక్క బయటికి. సింక్ వినడం, లెక్కపెట్టడం, తెలుపు నెట్టడం అన్నీ అదే చూసుకుంటుంది. ఆర్డుయినో చేయాల్సింది ‘మూడో వరుస, ఐదో గడిలో 47వ బొమ్మ పెట్టు’ అని చెప్పడమే. ఒకసారి చెబితే చాలు, మార్చమనేదాకా అక్కడే ఉంటుంది.

చిప్ తెరను గళ్ళుగా చూస్తుంది. అడ్డంగా 30 గళ్ళు, నిలువుగా 16 వరుసలు. ఒక్కో గడిలో అడ్డంగా 12 చుక్కలు, నిలువుగా 18. పదహారు పద్దెనిమిదులు 288. పాల్‌లో తెర ఒకసారి నిండడానికి కనిపించే గీతలు సరిగ్గా 288. అదీ ఆ అంకెల వెనక ఉన్న లెక్క. మాడ్యూల్‌ను పాల్‌కు సెట్ చేయడం మరవకండి. అమెరికా పద్ధతిలో ఉంచితే 13 వరుసలే ఉంటాయి.

చుక్కకు మూడు గతులు: తెలుపు, నలుపు, పారదర్శకం. మొదట్లో మా పిల్లలు నలుపు ఎందుకన్నారు. తెల్లటి చొక్కా వేసుకున్న మనిషి కెమెరా ముందుకు రాగానే తెల్లటి అక్షరం చొక్కాలో కలిసిపోతుంది. అక్షరం చుట్టూ ఒక చుక్క మందాన నలుపు అంచు కడితే వెనక ఏమున్నా నిలబడుతుంది. ఆ అంచుకు రెండు పక్కలా చెరో చుక్క పోతే అక్షరానికి మిగిలేది 10 అడ్డం, 16 నిలువు.

చిప్‌లో 256 బొమ్మలకు చోటుంది. కొన్నప్పుడు వాటిలో ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ ఉంటాయి. తెలుగు ఉండదు. అయితే ఆ 256 చోట్లనూ చెరిపి మన బొమ్మలు రాసుకోవచ్చు, కరెంటు తీసేసినా పోవు. ఇక్కడి నుంచి ఇది ఎలక్ట్రానిక్స్ పని కాదు, తెలుగు పని.

ముందు లెక్క చూద్దాం. గుణింతంలో ‘క’ నుంచి ‘కౌ’ వరకు, ఋత్వాలు వదిలేసినా, 12 రూపాలు. హల్లులు 35 తీసుకుంటే 420. చోటు 256. వత్తులు ఇంకా లెక్కలోకి రాలేదు. ఫోన్‌లో ఈ బాధ ఎందుకు లేదంటే, యూనికోడ్‌లో ‘క’ ఒక చోట, గుడి ‘ ి’ ఇంకో చోట విడివిడిగా ఉంటాయి, కలిపి ‘కి’గా చూపించే పని ఫోన్ చేస్తుంది. ఈ చిప్‌కు కలపడం తెలియదు. దానికి ‘కి’ అంటే ఒక బొమ్మ, ‘కీ’ అంటే ఇంకో బొమ్మ. ఈ విషయంలో తమిళం పిల్లలు అదృష్టవంతులు. అచ్చులు 12, హల్లులు 18, ఉయిర్‌మెయ్ 216, ఆయ్దం ఒకటి, మొత్తం 247. ఉన్న చోటులో పట్టేస్తాయి, 9 మిగులుతాయి కూడా. అంకెలు పదింటికి మాత్రం ఒకటి తక్కువ! హిందీ పిల్లలకు ఇంకో సౌకర్యం ఉంది. గడికీ గడికీ మధ్య ఖాళీ ఉండదు కాబట్టి ప్రతి గడిలోనూ ఒకే ఎత్తులో గీత గీస్తే శిరోరేఖ తనంతట తానే కలిసిపోతుంది.

మేము రెండు పనులు చేశాం. ఒకటి, తెలుగుకు రెండంతస్తుల ఇల్లు కట్టాం. పై వరుసలో అక్షరం, దాని కింది వరుసలో వత్తు. వత్తు లేనిచోట కింది గడి ఖాళీ. దీంతో 16 వరుసలు 8 అయ్యాయి గానీ తెరకు 8 పంక్తులు ఎక్కువే. రెండు, అన్ని అక్షరాలూ చేయడం మానుకుని, ముందు వాక్యం అనుకుని, ఆ వాక్యానికి కావలసిన బొమ్మలే చేశాం.

వాక్యం ఒక పిల్లవాడి ఇంటి నుంచి వచ్చింది. వాళ్ళ నాయనమ్మ పగలంతా ఇంట్లో ఒక్కరే ఉంటారు. గుమ్మం దగ్గర కెమెరా ఉంది, ముందుగదిలో పాత టీవీ ఉంది. ఆవిడకు చెవుడు, బెల్లు వినపడదు. చదవడం వచ్చింది తెలుగొక్కటే. బెల్లు నొక్కితే తెర మీద పెద్దగా ‘గుమ్మంలో ఎవరో వచ్చారు’ అని పడాలి. విడదీస్తే గు, మ, మ వత్తు, సున్న, లో, ఎ, వ, రో, చా, చ వత్తు, రు. పదకొండు. ‘మ’, ‘చా’ వెడల్పు ఎక్కువ కాబట్టి రెండేసి గళ్ళకు పరిచాం. మొత్తం 13 బొమ్మలు. 256లో 13.

ఇక గీయడం. గ్రాఫ్ కాగితం మీద 12 అడ్డం, 18 నిలువు గళ్ళు కొలుచుకుని, తెలుపుకు పెన్సిల్ నింపి, నలుపుకు ఇంటూ పెట్టి, పారదర్శకాన్ని ఖాళీగా వదలాలి. తర్వాత తెలుపుకు 10, నలుపుకు 00, పారదర్శకానికి 01 రాయాలి. నలుపు, తెలుపు, తెలుపు, నలుపు ఉంటే 00101000. అది ఒక బైటు. గీతకు మూడు బైట్లు, అక్షరానికి 54. ఈ భాగం ఎవరైనా చేస్తారు.

కష్టమంతా ఏ గడి నింపాలన్న దాంట్లో ఉంది. కంప్యూటర్‌లోని తెలుగు ఫాంటును కుదించి చూశాం. ‘రో’ సిరా మరకలా వచ్చింది, ‘వ’ చూస్తే ‘ప’లా ఉంది. ‘వ’కు తలకట్టు అంటుకుని ఉంటుంది, ‘ప’కు విడిగా ఉంటుంది. పది చుక్కల వెడల్పులో ఆ ఎడం ఒక్క చుక్క. అది ఉందా లేదా అన్న దాని మీదే అక్షరం ఆధారపడి ఉంది. ద, ధ, థ తీసుకోండి. ‘ద’ కింద చిన్న గీత పెడితే ‘ధ’, దాని కడుపులో చుక్క కూడా పెడితే ‘థ’. మిగతా ఒంపులెన్ని తగ్గించినా ఆ గీతనూ ఆ చుక్కనూ ముట్టుకోకూడదు. కుదించే యంత్రానికి ఇది తెలియదు, అన్నిటినీ ఒకేలా నలిపేస్తుంది. పలక మీద దిద్దిన చేతికి తెలుస్తుంది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, ఊరు మారినప్పుడల్లా బడిలో ఇంకో భాష దిద్దుతూ వచ్చిన పిల్లలు మా తరగతిలో సగం మంది. ‘ప’కు, ‘వ’కు తేడా ఏమిటని వాళ్ళంతట వాళ్ళు అడిగింది ఈ గ్రాఫ్ కాగితం ముందే. మా నల్లబల్ల ముందు ఎప్పుడూ అడగలేదు.

మీరు చేసేటట్టయితే కొన్ని జాగ్రత్తలు. లావు తెర పాత టీవీ మూత ఎట్టి పరిస్థితిలోనూ తీయకండి. ప్లగ్ పీకేశాక కూడా లోపల ప్రమాదకరమైన ఓల్టేజీ నిలిచి ఉంటుంది. మనకు కావలసింది వెనకాల ఉన్న పసుపు సాకెట్ మాత్రమే. కాపలా కెమెరాకు సాధారణంగా 12 ఓల్టులు కావాలి, ఆర్డుయినోకూ చిప్‌కూ 5 ఓల్టులు. అడాప్టర్లు వేరువేరుగా పెట్టుకుని, గ్రౌండ్ మాత్రం అన్నిటికీ కలపాలి. కెమెరా దొరక్కపోయినా మొదలుపెట్టవచ్చు. బయటి నుంచి సింక్ రాకపోతే ఈ చిప్ తానే సింక్ పుట్టించి, ఖాళీ తెర మీద మీ అక్షరాలు చూపించగలదు. మేమూ మొదటి పది రోజులు అలాగే పని చేశాం.

అక్షరాలు చిప్‌లోకి ఎక్కించాక టీవీకి మూడు మీటర్ల దూరంలో తెలుగు చదివే పెద్దవారిని ఒకరిని కూర్చోబెట్టండి. వాక్యం కాకుండా విడి అక్షరాలు, వరస కలిపేసి చూపించండి. వాక్యమైతే ఊహించి చదివేస్తారు. ఏ అక్షరం దగ్గర కళ్ళు చికిలిస్తారో రాసుకుని, ఆ ఒక్క గ్రాఫ్ కాగితం మళ్ళీ గీయండి. మాకు ‘రు’ మూడుసార్లు గీయాల్సి వచ్చింది.